గడ్డి, తొక్కలు, బూజు: ఈసారి మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ఫంగస్ (బూజు, పుట్టగొడుగుల జాతి) వదిలే ఎంజైమ్‌లతో, అంటే పెద్ద అణువుల్ని చిన్న ముక్కలుగా విరిచే ప్రోటీన్లతో, పంట వ్యర్థాల నుంచి, మిగిలిపోయిన తిండి నుంచి చక్కెరలు, ఆసిడ్లు, దాణా లాంటివి తీయొచ్చని ఒక పేజీ రాశాను. దానికి ఇన్ని ప్రశ్నలొస్తాయని అనుకోలేదు. సగం మంది లాభమెంత అని అడిగారు, మిగతా సగం మంది ఇదంతా నిజమేనా అని అడిగారు. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి, కొన్నిటికి మాత్రం ఇక్కడ జవాబులు రాస్తున్నా.

సార్, బూజు పడితే పాడైపోయిందని పారేస్తాం. అదే బూజు నుంచి ఎంజైమ్ తీస్తే టెక్నాలజీ అంటున్నారు. కుళ్ళడానికీ దీనికీ అసలు తేడా ఏంటి? (ఒక ఇంటర్ స్టూడెంట్)

పని ఒకటే బాబూ, ఎక్కడ ఆపుతున్నాం అన్న దాంట్లోనే ఉంది తేడా అంతా. మనం తిండి కడుపులో వేసుకుని అరిగించుకుంటాం, ఫంగస్‌కి కడుపు లేదు, అందుకని అది ఎంజైమ్‌లని బయటికి వదిలి, తిండిని బయటే అరిగించేసి, కరిగిన చక్కెరని హైఫే అనే సన్నటి పోగులతో లోపలికి పీల్చుకుంటుంది. ఆ చక్కెరంతా అదే తినేసి కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తే దాన్ని మనం కుళ్ళిపోయింది అంటాం. అలా కాకుండా ఎంజైమ్‌ని విడిగా తీసుకుని, ఫంగస్‌ని పక్కకి తప్పించి, చక్కెర తయారవగానే మనం పట్టేసుకుంటే అది ఇండస్ట్రీ.

ఇది ఎలా మొదలైందో కూడా చెప్తా, బాగుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో పసిఫిక్‌లోని సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం వాడే కాటన్ టెంట్లు, బట్టలు చూస్తుండగానే చివికిపోయేవి. ఎందుకిలా అవుతోందని ఆ గుడ్డల మీది ఫంగస్‌లని వేరుచేసి చూస్తే అందులో ఒకటి కాటన్‌ని, అంటే దాదాపు శుద్ధ సెల్యులోజ్‌ని (మొక్కల పీచులోని గ్లూకోజ్ గొలుసులు), భలేగా కరిగించేస్తోంది. దానికి క్యూఎం6ఏ అని నంబరిచ్చారు, తర్వాత దాని మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఎల్విన్ రీస్ పేరు మీద ట్రైకోడెర్మా రీసై అని పిలుస్తున్నారు. గుడ్డ చివకకుండా ఎలా కాపాడాలి అని మొదలెట్టిన పని చివరికి గడ్డిని ఎలా చివికించాలి అనే దగ్గరికి వచ్చింది చూడండి. సెల్యులోజ్‌ని విరిచే ఎంజైమ్‌ల కోసం, అంటే సెల్యులేజ్‌ల కోసం, ఇవాళ ఫ్యాక్టరీల్లో వాడే ఫంగస్ రకాలు చాలావరకు ఆ ఒక్కదాని వారసులే, వాటిలో మంచివి లీటరుకి 100 గ్రాములకు పైగా ప్రోటీన్ బయటికి వదులుతాయి.

ఆ మాటకొస్తే అంతకు చాలా ముందే, 1894లో, జోకిచి తకమినే అనే జపాన్ కెమిస్ట్ గోధుమ పొట్టు మీద ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు పెంచి, పిండిని కరిగించే ఎంజైమ్ తీసి అమెరికాలో పేటెంట్ తెచ్చుకున్నాడు. తకాడయాస్టేజ్ పేరుతో అది అరుగుదల మందుగా అమ్ముడుపోయింది కూడా. గోధుమ పొట్టు అంటే పిండి మర ఆడాక మిగిలేదే, అంటే ఈ కథ మొదలవ్వడమే వ్యర్థంతో మొదలైంది.

గడ్డి వాము మీద ఫంగస్ పౌడర్ నీళ్ళలో కలిపి చల్లితే ఇథనాల్ తయారవుతుందని, ఇంక గడ్డి కాల్చే పనే లేదని ఒక వీడియోలో చూశానండీ. మాకు వరిగడ్డి చాలా మిగులుతుంది. అయ్యే పనేనా? (ఒక రైతు)

కాదండీ. చల్లితే గడ్డి కుళ్ళుతుంది, మంచి కంపోస్ట్ అవుతుంది, అది నిజమే, దానికోసమైతే నిక్షేపంగా చల్లండి. ఇథనాల్ మాత్రం రాదు. వాములో పుట్టిన చక్కెరని ఆ ఫంగసూ, దాని పక్కనున్న మిగతా సూక్ష్మజీవులూ అక్కడికక్కడే తినేస్తాయి, మీకు మిగిలేది వేడీ ఆవిరీ.

గడ్డిలో ఏముందో చూస్తే ఇది ఎందుకు కష్టమో తెలుస్తుంది. ఎండు గడ్డి బరువులో సుమారు 35 నుంచి 40 శాతం సెల్యులోజ్, 20 నుంచి 25 శాతం హెమిసెల్యులోజ్ (ఇదీ చక్కెరల గొలుసే), 15 శాతం అటూ ఇటూగా లిగ్నిన్ (మొక్కకి గట్టిదనం ఇచ్చేది). వరిగడ్డిలో పైపెచ్చు సిలికా కూడా ఎక్కువ, కాల్చితే బూడిద అంత మిగిలేది అందుకే. మనక్కావలసిన గ్లూకోజ్ సెల్యులోజ్‌లో ఉంది, కానీ దాని చుట్టూ హెమిసెల్యులోజ్, ఆ సందుల్లో లిగ్నిన్ గట్టిగా పట్టుకుని ఉంటాయి, ఎంజైమ్ అనేది పెద్ద అణువు, ఆ సందుల్లోకి దూరలేదు. అందుకే ఫ్యాక్టరీల్లో ముందు గడ్డిని 160 నుంచి 220 డిగ్రీల ఆవిరితో ప్రెషర్‌లో ఉడికించి ఒక్కసారిగా ప్రెషర్ వదిలేస్తారు, లేకపోతే ఆసిడ్‌తోనో క్షారంతోనో నానబెడతారు. అప్పుడు పీచు విచ్చుకుంటుంది, దాని మీద ఎంజైమ్ వేసి 50 డిగ్రీల దగ్గర, పీహెచ్ 5 చుట్టూ ఉంచి రెండు మూడు రోజులు కలుపుతూ ఉంటే చక్కెర నీళ్ళు వస్తాయి. ఆ తర్వాత ఈస్ట్, ఆ తర్వాత డిస్టిలేషన్. వీడియోలో వీటిలో ఒక్కటీ చూపించి ఉండడు.

ఇంకో లెక్క కూడా చూడండి. 100 కిలోల ఎండు గడ్డిలో 38 కిలోల సెల్యులోజ్ ఉందనుకుందాం. అది మొత్తం, చుక్క వదలకుండా విరిగితే నీళ్ళు కలవడం వల్ల బరువు కాస్త పెరిగి 42 కిలోల గ్లూకోజ్ వస్తుంది. గ్లూకోజ్‌లో ఇథనాల్‌గా మారగలిగేది గరిష్ఠంగా 51 శాతమే, మిగతాది గ్యాస్ అయి పోతుంది, అంటే 21 కిలోలు. ఇది కాగితం మీది లెక్క. రొమేనియాలో పొడారి అనే చోట 2022లో మొదలైన పెద్ద ప్లాంటుని ఏటా 2,50,000 టన్నుల గడ్డి నుంచి 50,000 టన్నుల ఇథనాల్ తీసేలా డిజైన్ చేశారు, అంటే 100కి 20. అదీ హెమిసెల్యులోజ్‌లోని చక్కెరల్ని కూడా వాడుకుంటే.

మరి మీరేం చేయొచ్చు అంటే, ఫంగస్‌తో గడ్డిని నేరుగా డబ్బు చేసే పని ఒకటి ఉంది చిన్న స్థాయిలో, అది ఆయిస్టర్ పుట్టగొడుగులు. ఎండు గడ్డి కిలోకి పచ్చి పుట్టగొడుగులు అర కిలో నుంచి కిలో దాకా వస్తాయి. కిలోకి కిలో వచ్చిందని మురిసిపోకండి, పుట్టగొడుగులో 90 శాతం నీళ్ళే. అయినా అది తిండి, గడ్డి కాదు, పైగా దాని ఫంగస్ లిగ్నిన్‌ని తినే జాతిది కాబట్టి మీరు ఆవిరి ప్రెషర్ అవీ పెట్టక్కర్లేదు, గడ్డిని వేడి నీళ్ళలో పాశ్చురైజ్ చేస్తే చాలు. ఒక జాగ్రత్త, పంట ముదిరినప్పుడు ఆయిస్టర్ గదిలో బీజాలు పొగలా ఎగురుతాయి, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది, మాస్క్ లేకుండా లోపలికి వెళ్ళొద్దు, గొడుగు పూర్తిగా విచ్చుకోకముందే కోసేయండి.

బూజు పట్టిన గింజలు, రొట్టెలు పశువులకి పెడితే ఎంజైమ్‌ల వల్ల బాగా అరుగుతాయంటున్నారు, నిజమా?

పెట్టకండి. ఏ బూజో మీకు తెలీదు. గింజల మీద పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది, ఉడకబెట్టినా పోదు, పాలలోకి కూడా వచ్చేస్తుంది. పైన చెప్పిన ఒరైజే దీనికి చాలా దగ్గరి చుట్టం, తేడా ఏంటంటే వందల ఏళ్ళుగా మనుషులు పెంచుకుంటూ వచ్చిన ఒరైజేలో ఆ విషం తయారుచేసే జీన్లు పనిచేయవు. ఈ రెండిట్నీ కంటితో చూసి వేరుచేయడం నావల్ల కూడా కాదు.

మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చేస్తున్నాను సార్. మట్టిలోంచి తీసిన ఫంగస్ ఒకటి సీఎంసీ ప్లేట్ (కరిగే సెల్యులోజ్ కలిపిన జెల్లీ) మీద కాంగో రెడ్ రంగు వేస్తే చాలా పెద్ద హేలో (సెల్యులోజ్ విరిగిన చోట రంగు పట్టని వలయం) ఇస్తోంది. కానీ అదే గడ్డి పొడి మీద పెంచి, ఆ ఎక్స్‌ట్రాక్ట్‌తో గడ్డిని హైడ్రోలైజ్ చేస్తే, అంటే విరగ్గొడితే, చక్కెర దాదాపు రావట్లేదు. తప్పెక్కడుంది?

తప్పు ఫంగస్‌ది కాదమ్మా, సీఎంసీది. ఈ హేలో చూసి థీసిస్‌లో "సూపర్ సెల్యులేజ్ ప్రొడ్యూసర్" అని రాసేసుకున్న వాళ్ళు చాలామంది, నువ్వు గడ్డి మీద కూడా చూశావు, అదే గొప్ప.

సీఎంసీ అంటే నీళ్ళలో కరిగే సెల్యులోజ్, దాన్ని ఎండోగ్లూకనేజ్ అనే ఎంజైమ్ ఒక్కటే కోసేయగలదు. అసలు సెల్యులోజ్ అలా కరగదు, పేనిన తాడులా బిగుసుకుని ఉంటుంది. ఎండోగ్లూకనేజ్ మధ్యలో అక్కడక్కడా కోస్తుంది, ఆ కోసిన కొసల నుంచి సెల్లోబయోహైడ్రోలేజ్ ఒక్కో పోగుని లాగి రెండేసి గ్లూకోజ్‌ల ముక్కలుగా తెంపుకుంటూ పోతుంది, ఆ ముక్క పేరు సెల్లోబయోస్. దాన్ని మళ్ళీ బీటా గ్లూకోసిడేజ్ రెండుగా విడగొడితేనే గ్లూకోజ్. ఈ మూడోది తక్కువైతే సెల్లోబయోస్ పోగుపడి మొదటి రెండు ఎంజైమ్‌లనీ ఆపేస్తుంది, అంతా బాగానే మొదలై కాసేపటికి మొరాయిస్తుంది. ట్రైకోడెర్మా రీసైకే ఈ జబ్బుంది, అందుకే దానికి ఆస్పర్జిల్లస్ నుంచి తీసిన బీటా గ్లూకోసిడేజ్ కలిపి వాడటం పాత అలవాటు.

నువ్వు చేయాల్సింది, ఫిల్టర్ పేపర్ అస్సే, అంటే ఎంజైమ్ కాగితాన్ని ఎంత విరుస్తుందో కొలిచే పరీక్ష. వాట్‌మన్ నంబర్ 1 కాగితాన్ని 1 సెంటీమీటర్ వెడల్పు 6 సెంటీమీటర్ల పొడవు ముక్కగా కోస్తే సుమారు 50 మిల్లీగ్రాములు ఉంటుంది, దాన్ని చుట్టి ట్యూబ్‌లో పెట్టి, బఫర్ (పీహెచ్ మారకుండా చూసే ద్రావణం), ఎంజైమ్ పోసి 50 డిగ్రీల దగ్గర సరిగ్గా గంట. తర్వాత డీఎన్ఎస్ (చక్కెర ఉంటే రంగు మారే రసాయనం) వేసి మరిగించి రంగు చూడు. ఎంజైమ్‌ని ఎంత పలచన చేస్తే గంటలో 2 మిల్లీగ్రాముల గ్లూకోజ్ వస్తుందో, ఆ డైల్యూషన్ ఎక్కడుందో పట్టుకోవాలి, అందరూ ఇక్కడే షార్ట్‌కట్ కొడతారు, ఒక్క డైల్యూషన్ చేసి దాన్నే హెచ్చవేసి రాసేస్తారు, అది చెల్లదు, ఎందుకంటే ఎంజైమ్ రెట్టింపు వేస్తే ఆ కాగితం మీద చక్కెర రెట్టింపు రాదు. దాంతో పాటు బీటా గ్లూకోసిడేజ్ విడిగా కొలిచి చూడు. పేపర్ మీద బాగా వచ్చి గడ్డి మీద రాకపోతే అప్పుడు లోపం చాలావరకు ఎంజైమ్‌ది కాదు, గడ్డికి ప్రీట్రీట్‌మెంట్ (పైన రైతుకి చెప్పిన, ముందుగా ఉడికించి పీచు విప్పే పని) చాలలేదని. 2 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి, పీహెచ్ దిగేదాకా కడిగి మళ్ళీ చూడు. కంట్రోల్‌గా ఎంజైమ్ లేని గడ్డి ఒకటి, గడ్డి లేని ఎంజైమ్ ఒకటి కచ్చితంగా పెట్టు, నీ ఎక్స్‌ట్రాక్ట్‌లోనే మిగిలిపోయిన చక్కెర ఉంటే అది కూడా డీఎన్ఎస్‌లో రంగిస్తుంది.

ఇంకోటి, 2010 తర్వాత ఈ బొమ్మ కొంచెం మారింది. ఎల్‌పీఎంఓ అనే రాగి ఉన్న ఎంజైమ్‌లు ఆక్సిజన్ సాయంతో, లేదా హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో, సెల్యులోజ్ గట్టి ఉపరితలం మీదే గాట్లు పెడతాయని తేలింది. అంతకుముందు వీటినే బలహీనమైన సెల్యులేజ్‌లు అనుకుని పక్కన పడేశారు. కొత్త కమర్షియల్ మిక్స్‌లలో ఇవి ఉంటాయి, నీ ఫంగస్‌లోనూ ఉండొచ్చు, కానీ డీఎన్ఎస్‌తో మాత్రం దొరకవు.

మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి ట్రేలలో తవుడు మీద ఫంగస్ పెంచి ఎంజైమ్ తీసి అమ్ముదామనుకుంటున్నాం. చిన్న ట్రేలో బ్రహ్మాండంగా వచ్చింది, పెద్ద ట్రేలో మందంగా వేస్తే మధ్యలో చచ్చిపోతోంది. ఎందుకు?

వేడి. అంతే. ఫంగస్ పెరిగేటప్పుడు వేడి పుడుతుంది, తవుడు వేడిని బయటికి పోనివ్వదు, మధ్యలో 45, 50 డిగ్రీలు దాటిపోతుంది, 30 దగ్గర హాయిగా పెరిగే ఆస్పర్జిల్లస్ అక్కడ బతకదు. చేయి పెట్టి చూడండి రెండో రోజు, మీకే తెలుస్తుంది. అందుకే ట్రే పద్ధతిలో మందం నాలుగైదు సెంటీమీటర్లు మించనివ్వరు, ఎక్కువ కావాలంటే ట్రేలు పెంచాలి కానీ మందం కాదు, లేదా అడుగు నుంచి తడి గాలి తోలాలి. పొడి గాలి తోలితే తేమ ఎగిరిపోతుంది, తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఆగాలి, మరీ తడిస్తే ముద్దలు కట్టి బ్యాక్టీరియా దూరుతుంది, పులిసిన వాసన వస్తే ఆ ట్రే పారేయండి, కాపాడదామని చూడకండి. మూడు నాలుగు రోజుల్లో ఎంజైమ్ తీసేయాలి, బాగా పెరగనిద్దామని ఉంచితే పైన బీజాలు నల్లగా పరుచుకుంటాయి, ఎంజైమ్ తగ్గడం మొదలవుతుంది, మీరు పీల్చేదీ ఎక్కువవుతుంది.

అన్నట్టు ప్రపంచంలో ఎక్కువ ఎంజైమ్ ఇలా ట్రేల్లో కాదు, పెద్ద పెద్ద ట్యాంకుల్లో ద్రవంలోనే తయారవుతుంది, ముఖ్య కారణాల్లో ఒకటి ఈ వేడే. ట్యాంకుని చల్లబరచడం తేలిక. కాబట్టి శుద్ధి చేసిన ఎంజైమ్ అమ్మి వాళ్ళతో పోటీ పడటం మీవల్ల కాదు, కానీ శుద్ధి చేయకుండా తవుడుతో సహా ఆరబెట్టి దాణాలో కలిపేలా అమ్మితే ఆలోచించొచ్చు, దానికి విషం లేదని టెస్టులు, లైసెన్సులు ముందు చూసుకోండి.

బేకరీల్లో మిగిలిపోయే బ్రెడ్, జ్యూస్ ఫ్యాక్టరీలో మిగిలే నారింజ తొక్కలు రెండూ మాకు దొరికే అవకాశం ఉంది. వీటిలో ఏది తీసుకుంటే మంచిది? ఏ ఎంజైమ్ వాడాలి?

ఇన్ని ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే మిగతావాళ్ళంతా ఎంజైమ్ పేరుతో మొదలెట్టారు, మీరు చేతిలో ఏముందో దాంతో మొదలెట్టారు.

ఎంజైమ్ సంగతి వరకే చూస్తే బ్రెడ్ చాలా తేలిక. ఎండు బరువులో 70 శాతం దాకా పిండిపదార్థమే, అదీ ఇదివరకే ఉడికి విచ్చుకుని ఉంది, లిగ్నిన్ గొడవే లేదు, ప్రీట్రీట్‌మెంట్ అక్కర్లేదు. నీళ్ళలో కలిపి గ్లూకోఅమైలేజ్ వేసి 55, 60 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక్క రోజులోనే చాలావరకు గ్లూకోజ్ అయిపోతుంది, ప్రోటీయేజ్ కూడా వేస్తే గ్లూటెన్ అనే గోధుమ ప్రోటీన్ విరిగి అమైనో ఆసిడ్లు వస్తాయి, అంటే ఈస్టుకో ఇంకో సూక్ష్మజీవికో పూర్తి భోజనం తయారైనట్టే. ఆస్పర్జిల్లస్ అవమోరి అనే బూజు మొదటి ఎంజైమ్‌ని బాగా చేస్తుంది, ఒరైజే రెండోదాన్ని. సెల్యులోజ్‌తో పోలిస్తే కిలో పిండికి పట్టే ఎంజైమ్ చాలా చాలా తక్కువ. బ్రెడ్‌తో చిక్కు ఎక్కడంటే, అది తినడానికి ఇంకా పనికొచ్చేది. తినగలిగేది మనిషికే పోవాలి, తర్వాత పశువుకి, ఆ తర్వాతే మీ ట్యాంకు. ఐక్యరాజ్యసమితి లెక్కలో 2022లో ఇళ్ళు, హోటళ్ళు, షాపుల దగ్గర పారేసిన తిండి 105 కోట్ల టన్నులు, మొత్తం ఏటా జనానికి అందిన తిండిలో దాదాపు ఐదో వంతు. దాన్ని తగ్గించడం మానేసి దాని మీద ఇండస్ట్రీ కట్టడం నాకెందుకో మింగుడు పడదు, ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

తొక్కల సంగతి వేరు, అవి ఎలాగూ మనుషులెవరూ పెద్దగా తినరు, పైగా ఒకే చోట, ఒకే రకంగా, రోజూ గుట్టలుగా పడతాయి. కానీ రెండు చిక్కులున్నాయి. తొక్కలోని నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్, అది ఈస్టునీ ఫంగస్‌నీ కూడా చంపుతుంది, అందుకని ముందు దాన్ని ఆవిరితో లాగేయాలి, లాగేస్తే అదే సెంటు కంపెనీలు, క్లీనర్ల కంపెనీలు కొనే సరుకు. రెండోది, తొక్క అనగానే అందరూ పెక్టినేజ్ వేసి పెక్టిన్‌ని కరిగించేద్దాం అంటారు. జామ్‌లలో గడ్డకట్టడానికి వేసే పెక్టిన్ వచ్చేదే ఈ నారింజ, నిమ్మజాతి తొక్కల నుంచి, ఆపిల్ పిప్పి నుంచి! ముందు దాన్ని పెక్టిన్‌గానే తీసి అమ్మాలి, మిగిలిన పీచు మీద అప్పుడు సెల్యులేజ్ వేయాలి. విలువైనది ముందు చెక్కుచెదరకుండా బయటికి తీయడం, విరగ్గొట్టేది చివర్లో. తవుడులో కూడా ఇదే వరస, ముందు నూనె, తర్వాత ప్రోటీన్, తర్వాత ఫెరూలిక్ ఆసిడ్. ఈ ఫెరూలిక్ ఆసిడ్‌ని ఫెరులాయిల్ ఎస్టరేజ్ అనే ఫంగస్ ఎంజైమ్ విడదీస్తుంది, దాన్ని ఆస్పర్జిల్లస్ నైజర్ వెనిల్లిక్ ఆసిడ్‌గా మారిస్తే, పిక్నోపోరస్ అనే ఎర్రటి చెక్క ఫంగస్ వెనిల్లిన్‌గా మారుస్తుంది, అవును, ఐస్‌క్రీమ్‌లో వాసన వచ్చే వెనిల్లానే.

మీకు రోజుకి నాలుగైదు టన్నుల లోపే దొరుకుతుంటే పెక్టిన్ జోలికి వెళ్ళకండి, దానికి ఆల్కహాల్ బోలెడు కావాలి, దాన్ని మళ్ళీ తిరిగి పట్టుకునే ప్లాంట్ కావాలి. నూనె తీసి, మిగిలింది ఆరబెట్టి దాణాకి ఇచ్చేయడంతో మొదలెట్టండి.

ఇవన్నీ 30 ఏళ్ళుగా వింటున్నాం. "వ్యర్థం నుంచి సంపద" అని ప్రతి సెమినార్‌లో చెప్తారు. మరి ఎందుకు జరగలేదు? (రిటైర్ అయిన ఒక ఇంజనీర్)

కొంతవరకు జరిగిందండీ, మనం గుర్తుపట్టలేదు. నిమ్మ ఉప్పు అదే సిట్రిక్ ఆసిడ్ ఒకప్పుడు నిమ్మకాయల నుంచే తీసేవాళ్ళు, 1917లో జేమ్స్ కర్రీ అనే కెమిస్ట్ ఆస్పర్జిల్లస్ నైజర్ చక్కెర నుంచి దాన్ని తయారుచేస్తుందని దారి చూపించాడు, రెండేళ్ళలో ఫ్యాక్టరీ మొదలైంది, ఇవాళ ప్రపంచంలో ఏటా 20 లక్షల టన్నులకు పైగా వచ్చేది దాదాపు అంతా ఆ బూజు పుణ్యమే, చక్కెర మిల్లులో మిగిలే మొలాసిస్‌తో చేసేదీ అందులో ఉంది. పెన్సిలిన్ సంగతి చూడండి, అది ఎంజైమ్ కాదు అనుకోండి, 1941లో అమెరికాలోని పియోరియా ల్యాబ్‌లో మొక్కజొన్న స్టార్చ్ ఫ్యాక్టరీ నానబెట్టి వదిలేసిన నీళ్ళు కలిపితేనే ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది. 1991లో మార్కెట్లోకి వచ్చిన ఫైటేజ్ అనే ఎంజైమ్, ఇదీ నైజర్ కుటుంబం నుంచి వచ్చిందే, కోళ్ళ, పందుల దాణాలో వేస్తే గింజల్లో, తవుడులో ఇరుక్కుపోయిన ఫాస్ఫరస్ వాటికి అందుతుంది, లేకపోతే అది పెంటలో పోయి చెరువుల్ని పాడుచేస్తుంది.

ఓడిపోయింది గడ్డి ఇథనాల్. ఇటలీలో క్రెసెంటీనో ప్లాంట్ 2013లో మొదలై 2017లో ఆగిపోయింది. అమెరికాలో అయోవా రాష్ట్రంలో డ్యూపాంట్ కంపెనీ 2015లో తెరిచిన ప్లాంటునీ 2017లోనే ఆపేశారు. ఇందాక చెప్పిన పొడారి ప్లాంట్‌ని కూడా 2023 చివర్లో మూసేస్తున్నామన్నారు. క్రెసెంటీనో, అయోవా ప్లాంట్లని తర్వాత వేరేవాళ్ళు కొన్నారు, అది వేరే సంగతి. ఎంజైమ్ పనిచేయక ఆగినవి కావు ఇవి, కంపెనీల సొంత కారణాలూ కొన్ని ఉన్నాయి. కానీ ఈ పనిలో బాగా ఇబ్బంది పెట్టేది గడ్డే. మట్టీ రాళ్ళతో వస్తుంది, మిషన్లని అరగదీస్తుంది, తడిస్తే కుళ్ళుతుంది, ఎండితే అంటుకుంటుంది, బేల్ కట్టినా క్యూబిక్ మీటరుకి 150 కిలోల చుట్టూనే, అంటే లారీ నిండా గాలి మోసుకొచ్చినట్టే. ఏడాదికి కొన్ని వారాలే దొరికేదాన్ని పన్నెండు నెలలు నిల్వ చేయాలి. ఇంత చేసి చివరికి తయారుచేసేది ఇంధనం, చమురు ధర పడినప్పుడల్లా దాని లెక్కా పడిపోతుంది.

గెలిచినవాటిని చూడండి, మొలాసిస్, మొక్కజొన్న నీళ్ళు, గోధుమ పొట్టు, అన్నీ ఫ్యాక్టరీ గేటు లోపలే పోగుపడినవి, ఎవరూ పొలం పొలం తిరిగి ఏరలేదు. నన్నడిగితే గడ్డి వెనక పడేకంటే మిల్లుల వెనక గుట్టల మీద దృష్టి పెట్టాలి, ముఖ్యంగా మొక్కజొన్న కండెలు, కండెల్లో జైలాన్ అనే హెమిసెల్యులోజ్ ఎక్కువ, దాన్ని విరిచే జైలనేజ్‌తో వాటినుంచి తీసే జైలో ఒలిగోసాకరైడ్లు పేగుల్లో మంచి బ్యాక్టీరియాకి ఆహారంగా అమ్ముడవుతున్నాయి, ఇంధనం కంటే ఎన్నో రెట్లు ఎక్కువకి.

వాడేసిన వంట నూనెకి కూడా ఎంజైమ్ ఉందా?

ఉంది, నూనెల మీద పనిచేసే లైపేజ్. పాడైన నూనెలో ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్లు, అంటే నూనె నుంచి విడిపోయిన ఆసిడ్లు, ఎక్కువ, మామూలు క్షారం పద్ధతిలో బయోడీజిల్ చేయబోతే అది సబ్బు కడుతుంది, లైపేజ్‌కి ఆ బాధ లేదు, నూనెనీ ఆ ఆసిడ్లనీ రెండిట్నీ బయోడీజిల్‌గా మార్చేస్తుంది. థెర్మోమైసెస్ లాన్యుజినోసస్ అనే వేడి తట్టుకునే ఫంగస్ లైపేజ్‌ని దీనికి వాడుతున్నారు, 1988లో డిటర్జెంట్లలోకి వచ్చిన లైపేజ్ కూడా దానిదే. కొంచెం నిదానం, బయోడీజిల్ కోసం నూనెలో కలిపే మెథనాల్ ఒకేసారి పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, కొంచెం కొంచెంగా పోయాలి.

ఎంజైమ్ పౌడర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. సంచి విప్పినప్పటి నుంచి తుమ్ములు ఆగట్లేదు. దానివల్లేనా?

డాక్టరుకి చూపించండి, ఆ సంచి సంగతి కూడా చెప్పండి, దాచొద్దు. ఎంజైమ్ అంటే ప్రోటీన్, సన్నటి పొడిగా పీలిస్తే ఎలర్జీ పుట్టొచ్చు, ఒకసారి పుట్టిందంటే తర్వాత కొంచెం పీల్చినా ఆస్తమా రావచ్చు. 1960ల చివర్లో డిటర్జెంట్ ఫ్యాక్టరీల వర్కర్లకి ఇలాగే అయింది, అది బ్యాక్టీరియా ఎంజైమ్ అనుకోండి, అప్పటినుంచే ఎంజైమ్‌ని గుళికలుగా చేసి పైన పూత వేయడం మొదలెట్టారు. బేకరీల్లో పిండిలో కలిపే ఫంగస్ అమైలేజ్‌తోనూ ఆస్తమా వచ్చిన వాళ్ళున్నారు. మీ డాక్టర్ ఏం చెప్తారో చూసి, ఆ పొడి మళ్ళీ ముట్టుకునేది ఉంటే సన్నటి పొడి చొరబడకుండా ముఖానికి బిగుతుగా ఉండే మాస్క్ పెట్టుకుని, ఫ్యాన్ ఆపేసి, పొడిని నీళ్ళలోకి మెల్లగా జార్చండి, చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. ఈసారి కొనేటప్పుడు ద్రవం రూపంలో దొరుకుతుందేమో అడగండి, లేబుల్ మీద గ్రాముకి ఎన్ని యూనిట్లో, ఏ పీహెచ్ దగ్గర, ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచారో రాసి లేకపోతే ఆ ప్యాకెట్ తీసుకోకండి.